ఎద్దు పండ్లు, మన పండ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ పళ్ల మీదే. మనుషుల పళ్ల గురించి దంతవైద్యురాలు, జంతువుల పళ్ల గురించి పశువైద్యుడు జవాబులు రాశారు. కొన్నిటికి ఇద్దరూ కలిసి రాయక తప్పలేదు.

ప్రశ్న: మా ఎడ్లు పుట్టిన కాడి నుంచి పండ్లు తోమినయి కాదు. మేం రోజూ బ్రష్ పడతాం. అయినా పన్నుకు పురుగు మాకే పడతది, రూట్ కెనాల్ పైసలు మేమే కడతాం. ఇదేం లెక్క సార్?
– రైతు, నర్సంపేట

జవాబు: ముందు ఆ పురుగు సంగతి. పుచ్చిన పంటిలో పురుగు ఉండదు. వాకుడు గింజల పొగ పట్టిస్తే రాలిపడేవి గింజల ముక్కలే కానీ పంటిలోంచి వచ్చినవి కావు. పన్ను పుచ్చాలంటే మూడు కలవాలి. పంటి మీద పాచి ఉండాలి, ఆ పాచిలోని సూక్ష్మక్రిములకు చక్కెర దొరకాలి, అవి తయారుచేసిన ఆమ్లం పంటిని అంటుకుని కాసేపు నిలవాలి.

మీ ఎద్దుకు మొదటిది ఉంది. మిగతా రెండూ లేవు. వరిగడ్డిలో, చొప్పలో పాచికి పనికొచ్చే చక్కెర దాదాపు లేదు. ఇక లాలాజలం: పెద్ద పశువు రోజుకు 100 లీటర్లకు పైగా ఊరిస్తుంది. మేసేటప్పుడే కాదు, ఏడెనిమిది గంటలు నెమరు వేసేటప్పుడు కూడా అది పళ్లను కడుగుతూనే ఉంటుంది. అందులో బైకార్బొనేట్ ఎక్కువ. మనం మిర్చి బజ్జీల పిండిలో కలిపే తినే సోడా జాతిదే అది. ఆమ్లం పుట్టినా అక్కడికక్కడే విరిగిపోతుంది.

మనకు రోజంతా కలిపి ఊరేది సుమారు ఒక లీటరు. తీపి ఏది తిన్నా, తాగినా కొద్ది నిమిషాల్లోనే పంటి మీద ఆమ్లం పెరుగుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎంత చక్కెర తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. అన్నం తిన్న వెంటనే రెండు లడ్డూలు తిన్నవాడి కన్నా, పొలం గట్టు మీద పొద్దుందాక ఆరుసార్లు తీపి చాయ తాగినవాడి పళ్లకే ముప్పు ఎక్కువ. చాయ మానమని అనడం లేదు. ఆరు మూడు చేయండి, లేదా చక్కెర తగ్గించండి. బుగ్గన చాక్లెట్ పెట్టుకుని గంటసేపు చప్పరించే అలవాటు పిల్లల్లో ఉంటే అది అన్నిటికన్నా చెడ్డది.

నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది. ఎద్దు రాత్రి పడుకుని కూడా నెమరేస్తుంది, మనం వేయం. కాబట్టి పొద్దున కన్నా పడుకునే ముందు తోముకోవడమే అవసరం. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రెండు నిమిషాలు తోమాలి. నురుగు ఉమ్మేయండి కానీ నీళ్లతో గడగడా పుక్కిలించకండి. పేస్టులోని ఫ్లోరైడ్ కొంతైనా రాత్రంతా పంటి మీద ఉండాలి. తరవాత మంచినీళ్లు తప్ప ఏదీ నోట్లో పడకూడదు. బీపీ, మానసిక ఆరోగ్యం మందుల్లో కొన్ని నోరు ఎండబెడతాయి. అవి వాడేవాళ్లకు ఈ రాత్రి తోముడు మరీ ముఖ్యం.

ప్రశ్న: గొర్రెలు కొనబోతే అమ్మేటోళ్లు అన్నీ "రెండు పండ్లయే" అంటరు. నోరు తెరిచి చూస్తే ఎట్ల తెలుస్తది? ఎడ్లకు, బర్రెలకు కూడా చెప్పండి.
– గొర్రెల కాపరి, జనగామ

జవాబు: పశువుకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు. అక్కడ గట్టి చిగురు దిమ్మ ఉంటుంది. కింద ముందు ఎనిమిది పళ్లు, లోపల పైనా కిందా కలిపి 24 దవడ పళ్లు, మొత్తం 32. లెక్కకు మనకూ అన్నే. వయసు చెప్పేవి కింది ఎనిమిదే. పాలపళ్లు సన్నగా, చిన్నగా, తెల్లగా ఉంటాయి. అవి ఊడాక వచ్చే శాశ్వత పళ్లు వెడల్పుగా పారలా ఉంటాయి, కొద్దిగా పసుపు రంగు. నడిమి జతతో మొదలై ఒక్కో జత పక్కలకు మారుతుంది.

గొర్రె, మేకలకు రెండు పళ్లంటే ఏడాది దాటి ఏడాదిన్నర లోపు. నాలుగంటే రెండేళ్ల దగ్గర. ఆరంటే రెండున్నర నుంచి మూడు. ఎనిమిదంటే మూడున్నర, నాలుగు. ఆవులు, ఎడ్లకు రెండు పళ్లు రెండు, రెండున్నరేళ్లకు, నాలుగు మూడేళ్లకు, ఆరు మూడున్నర, నాలుగుకు, ఎనిమిది నాలుగున్నర, ఐదుకు. బర్రెలకు ప్రతి మెట్టుకూ ఇంకో ఆరు నెలల నుంచి ఏడాది కలుపుకోండి. మేపు సరిగా లేని దేశవాళీ పశువుకు ఇంకా కొంత ఆలస్యం కావచ్చు. కాబట్టి నెలల లెక్క ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఎవరైనా చెబుతామంటే నమ్మకండి.

ఎనిమిది పళ్లు నిండాక అరుగుదల చూడాలి. పళ్ల మధ్య సందులు పడటం, మొద్దుబారడం, కదలడం, విరగడం. విరిగిన పళ్ల గొర్రె పొట్టి గడ్డిని కొరకలేదు, ఎండాకాలం రాగానే చిక్కిపోతుంది. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చేవారు. ఆ తరహాలో మందకు కొనేటప్పుడు రెండు, నాలుగు పళ్లవే ఏరుకుంటే ఇంకా నాలుగైదు ఈతలు చేతిలో ఉంటాయి. ఒకటి గుర్తుంచుకోండి, ఇసుక నేలల్లో మేసినవాటికి, వరిగడ్డే ఎక్కువ తిన్నవాటికి పళ్లు తొందరగా అరుగుతాయి. వరిగడ్డిలో సిలికా, అంటే ఇసుక పదార్థం, ఎక్కువ. అలాంటి పశువు అసలు వయసు కన్నా ముసలిదిగా కనిపిస్తుంది.

చూసే పద్ధతి: పశువు పక్కన నిలబడండి, ఎదురుగా కాదు. ఎడ్లకైతే బొటనవేలు, చూపుడువేలు ముక్కు రంధ్రాల్లో పెట్టి నడిమి గోడను పట్టుకుని తల ఎత్తండి. రెండో చేత్తో కింది పెదవిని కిందికి నొక్కితే చాలు, పళ్లు కనిపిస్తాయి. నాలుక బయటికి లాగొద్దు. చెయ్యి లోపలికి పోనిస్తే దవడ పళ్ల అంచులు బ్లేడులా కోస్తాయి.

దంతవైద్యురాలి మాట ఒకటి ఇక్కడే: ఎద్దుకు ఏ పన్ను ఎప్పుడు మారిందో చూడకుండానే చెప్పే ఇళ్లలో కూడా, పిల్లాడికి ఆరేళ్లకు వచ్చే దవడ పన్ను శాశ్వతమైనదని చాలామందికి తెలియదు. ఏ పాలపన్నూ ఊడకుండా, చిట్టచివరి పాలపన్ను వెనకాల చప్పుడు చేయకుండా వస్తుంది. పైన రెండు, కింద రెండు. "పాలపన్నే కదా, ఊడిపోతది" అని వదిలేస్తారు. దాని పైన గాడులు బ్రష్ వెంట్రుక కూడా దూరనంత సన్నగా ఉంటాయి, అక్కడే పుచ్చు మొదలవుతుంది. ఆరో ఏడు నిండగానే టార్చ్ వేసి చూడండి. వచ్చి ఉంటే ఆ గాడుల్ని మూసే సీలెంట్ పూత వేయించవచ్చు. సూది, డ్రిల్లు అవసరం లేదు, పంటికి కొన్ని నిమిషాల పని.

ప్రశ్న: మాది ఆరేళ్ల పొమేరియన్. దగ్గరకు వస్తే నోటి వాసన భరించలేకపోతున్నాం. మా పేస్టుతోనే తోమవచ్చా? కొన్ని పళ్లు కదులుతున్నాయి కూడా. ఇంతవరకు స్కేలింగ్ (పళ్ల మీది గార గీకి తీయడం) చేయించలేదు, క్లినిక్‌లో చేయించమన్నారు. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మా ఇంట్లో పెద్దవాళ్ల భయం.
– హన్మకొండ

జవాబు: మన పేస్టు వద్దు. కుక్క ఉమ్మదు, మింగుతుంది. ఫ్లోరైడ్, నురుగు మందు కడుపులోకి పోతాయి. కొన్ని పేస్టుల్లో, చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో తీపి కోసం కలిపే జైలిటాల్ ఇంకా ప్రమాదం. అది కుక్క రక్తంలో చక్కెరను గంటలోపే ప్రాణాపాయ స్థాయికి దించగలదు, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. మెడికల్ షాపుల్లో, పెట్ షాపుల్లో కుక్కల పేస్టు దొరుకుతుంది. అది లేకపోతే ఉత్త నీళ్లతో తడిపిన బ్రష్ చాలు, పని చేసేది రుద్దుడే.

కుక్కకు 42 పళ్లు. మొనదేలి ఉండటం, లాలాజలంలో క్షారం ఎక్కువ ఉండటం వల్ల పుచ్చు అరుదు. కానీ అదే క్షారం పాచిని వేగంగా గారగా మారుస్తుంది. రెండు మూడు రోజులు తోమకపోతే పాచి గట్టిపడటం మొదలవుతుంది. గట్టిపడ్డాక బ్రష్‌కు రాదు. మీరు చెప్పే వాసన ఆ గార కింద చిగురు కుళ్లుతున్న వాసన. పొమేరియన్ లాంటి చిన్న జాతుల్లో పళ్లు ఇరుకుగా ఉంటాయి కాబట్టి ఇది ఇంకా ముందుగా వస్తుంది. పెదవి ఎత్తి కోరపళ్ల పక్కన పాలకోరలు కూడా మిగిలి ఉన్నాయేమో చూడండి. ఏడు నెలలకే పోవాల్సినవి అవి. ఉంటే తీయించాలి.

ముందు స్కేలింగ్, ఆ తరవాతే తోమడం. మత్తు ఇవ్వకుండా చేసే స్కేలింగ్ పైపై అందానికే, చిగురు కింద గార అలాగే ఉంటుంది. మత్తుకు ముందు రక్తపరీక్ష చేయిస్తారు, ఖర్చని దాన్ని వదలొద్దు. చిగురు మానిన వారానికి ఇలా మొదలుపెట్టండి: మొదటి మూడు రోజులు వేలికి గాజుగుడ్డ చుట్టి పెదవి కింద తాకడమే. తరవాత కోరపళ్లు మాత్రం. ఆ పైన వెనక పెద్ద పళ్లు. నోరు తెరిపించక్కర్లేదు, మూసి ఉండగానే పెదవి ఎత్తి బయటివైపు తోమండి. గార ఎక్కువ పట్టేది బుగ్గ వైపే. ఒక్కో పక్క అరనిమిషం, రోజూ.

ఇక పెద్దవాళ్ల భయం. మీ కుక్క నోరే దానికి జవాబు. ఎన్నడూ స్కేలింగ్ లేని ఆరేళ్ల నోట్లో పళ్లు ఎందుకు కదులుతున్నాయి? గార పేరుకుంటే చిగురు కిందికి జారుతుంది, కింది ఎముక కరుగుతుంది. ఎముక పోయిన పన్ను కదులుతుంది, కానీ చుట్టూ ఉన్న గార సిమెంటులా దాన్ని పట్టి ఉంచుతుంది. గార తీయగానే ఆ కదలిక బయటపడుతుంది. తప్పు తీసినవాళ్లది కాదు, అంతవరకు ఆగినవాళ్లది. మనుషులకూ అచ్చం ఇంతే. తోమేటప్పుడు రక్తం వస్తే అక్కడ తోమడం ఆపేస్తారు చాలామంది. అక్కడే ఇంకా శ్రద్ధగా, మెత్తగా తోమాలి. రెండు వారాలకూ ఆగకపోతే దంతవైద్యుల దగ్గరికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు అంతవరకు కూడా ఆగొద్దు.

బొక్కల సంగతి అడగకపోయినా చెప్పాలి. ఆదివారం నల్లి బొక్కలు కుక్కకు వేస్తారు. వెనక పై దవడలోని పెద్ద కత్తెర పన్ను నిలువునా చీలేది వాటి వల్లే. బొటనవేలి గోరు దిగనంత గట్టిది ఏదీ నమలడానికి ఇవ్వకూడదు. మూలుగ కోసం అదే బొక్కను దవడ పళ్లతో కొరికే మనిషికీ అదే చీలిక వస్తుంది. ఒక్కోసారి పన్ను రెండు ముక్కలై, తీసేయడం తప్ప దారి ఉండదు. పళ్లెం అంచుకు కొట్టి మూలుగ రాల్చుకోండి.

ప్రశ్న: మా ఊరి బోరు నీళ్లు తాగే పశువులకు ముందు పండ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. మా బిడ్డ పండ్ల మీద కూడా అట్లనే వస్తున్నాయి. పండ్లు తోమకనేనా?
– జనగామ దగ్గరి గ్రామం నుంచి ఒక తల్లి

జవాబు: తోమకపోవడం వల్ల కాదమ్మా. ఎంత తోమినా పోదు కూడా. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే, పన్ను దవడ లోపల తయారయ్యే వయసులోనే ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, దెబ్బతింటుంది. పిల్లలకు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లు లెక్కలోకి వస్తాయి. ఆ తరవాత పళ్లకు మచ్చ పడదు కానీ, ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు, కీళ్లకు ముప్పు ఉంటుంది.

ఇందులో పశువు మంచి సాక్షి. మీ ఇంట్లో పుట్టి, ఆ నీళ్లే తాగి పెరిగిన కోడె ముందు పళ్లు చూడండి. చారలు, గుంటలు ఉంటే నీళ్ల మీద అనుమానపడాల్సిందే. ఎనిమిది పళ్లు నిండాక వేరే ఊరి నుంచి కొనుక్కొచ్చిన ఎద్దు పళ్లు తెల్లగా ఉన్నాయని నీళ్లు మంచివనుకోవద్దు. దాని పళ్లు మీ ఊరికి రాకముందే తయారైపోయాయి. పశువు కుంటుతూ, లేవడానికి కష్టపడుతుంటే ఎముకల దాకా వచ్చిందేమో పశువైద్యశాలలో చూపించండి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండవచ్చు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతి, అది దాటితే తాగకూడదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో రెండుమూడుసార్లు కడిగి నింపి ఇవ్వండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా ఆపలేదు. ఆర్.ఓ. చాలావరకు తీస్తుంది. పటిక, సున్నంతో తీసే నల్గొండ పద్ధతి ఉంది కానీ, మోతాదు నీటి గుణాన్ని బట్టి మారుతుంది. పరీక్ష లేకుండా చేతి అంచనాతో కలపకండి. అన్నిటికన్నా తేలిక, తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నీళ్లు వాడి, బోరును మిగతా పనులకు ఉంచుకోవడం. దూడలకూ వీలైతే అవే పట్టండి.

ఇది చదివి ఫ్లోరైడ్ పేస్టు పారేయకండి. సొరచేప పంటి పైపొర దాదాపు పూర్తిగా ఫ్లోరైడ్ కలిసిన ఖనిజమే. మన పంటి ఖనిజం కన్నా అది ఆమ్లానికి తక్కువ కరుగుతుంది. పేస్టు మన పంటి పైపొరను కొద్దిగా ఆ దారికి తెస్తుంది. మింగితేనే తంటా. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లకు వెయ్యి పాళ్లు) దాటకూడదు. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. టీవీ ప్రకటనల్లో బ్రష్ పొడవునా పరిచే అలలు చూసి మోసపోవద్దు. ట్యూబు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. చారలు మరీ కనిపిస్తుంటే పై పొరను సన్నగా సరిచేయడం, పూత వేయడం వంటివి ఉన్నాయి. అమ్మాయికి శాశ్వత పళ్లన్నీ వచ్చాక వాటి గురించి ఆలోచించండి.

ప్రశ్న: ఎలుక పళ్లు ఎంత కొరికినా అరిగిపోవు కదా. మరి మా నానమ్మ ఇటుక పొడితో తోముకుంటే పళ్లు అరుగుతాయని మా టీచర్ ఎందుకంటారు?
– ఏడో తరగతి విద్యార్థి, పరకాల

జవాబు: ఎలుక పళ్లు బాగా అరుగుతాయి బాబూ. కాకపోతే ముందు పళ్లు వారానికి 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటాయి. వాటికి ఎనామిల్ ముందు వైపే ఉంటుంది, ఇనుము కలిసి నారింజ రంగులో. వెనక వైపు మెత్తటి డెంటిన్, అంటే పంటి లోపలి పదార్థం, తొందరగా అరుగుతుంది, ముందంచు ఉలిలా మిగులుతుంది. కొరకడానికి ఏమీ దొరకకపోతే దానికే కష్టం. పెంపుడు కుందేళ్లకు ఎండుగడ్డి బదులు బిస్కెట్లు, క్యారెట్లు పెడితే పళ్లు అలాగే పెరిగి నోరు మూతపడదు.

మనిషి పంటి ఎనామిల్ మందంగా ఉన్నచోట కూడా సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి. అరిగింది తిరిగి రాదు. ఇటుక పొడి, బొగ్గు, గరుకు ఉప్పు అన్నీ గీకేవే. మొదట పంటి మొదలు దగ్గర, చిగురు పక్కన గాడి పడుతుంది. చల్లనీళ్లకు జివ్వుమంటుంది. పొగాకు కలిసిన పండ్లపొడి అయితే నోటి క్యాన్సర్ ముప్పు కూడా. నానమ్మకు వేపపుల్ల ఇవ్వు. పెన్సిలంత లావు, పచ్చిది, జానెడు పొడవు. కొనను గోరంత మేర నమిలి కుంచెలా చేసుకుని, చిగురు నుంచి పంటి కొన వైపు తోమాలి. అడ్డంగా రంపంలా లాగొద్దు. పొద్దున పుల్ల బాగానే పనిచేస్తుంది, కానీ అందులో ఫ్లోరైడ్ లేదు. రాత్రికి పేస్టు పెట్టు.

ప్రశ్న: పిల్లలను రామప్ప తీసుకెళ్తే గుడి చుట్టూ చెక్కిన ఏనుగుల వరస చూసి, ఏనుగుకు ఎన్ని పళ్లని అడిగారు. దంతాలు రెండు కాక ఇంకేమున్నాయి?
– ఉపాధ్యాయురాలు, ములుగు

జవాబు: దంతాలు పై దవడ ముందు పళ్లే. బయటికి పొడుచుకొచ్చాయి, అంతే. ఆసియా ఆడ ఏనుగులకు అవి పెద్దగా కనిపించవు. నమిలేవి దవడ పళ్లు. జీవితం మొత్తంలో ఒక్కో పక్కన ఆరు విడతలు వస్తాయి. మనకు చిగురులోంచి నిలువుగా మొలుస్తాయి. ఏనుగుకు దవడ వెనక నుంచి ముందుకు జరుగుతూ వస్తాయి, అరిగిన ముందు భాగం ముక్కలై రాలిపోతుంది. ఆరో విడత సుమారు నలభై ఏళ్లకు వస్తుంది. అదీ అరిగితే నమలలేక, మెత్తటి మేత వెతుక్కుని, చివరికి చిక్కి పోతుంది. పిల్లలకు ఇలా చెప్పండి: ఏనుగుకు ఆరు విడతలు, మనకు రెండే, రెండోదాంట్లో మొదటి పన్ను ఆరేళ్లకే వస్తుంది.

ప్రశ్న: పిల్లలకు దిష్టి తగలకుండా పులి పన్ను తాయెత్తు కడితే మంచిదా?
– మంచిర్యాల

జవాబు: వద్దు. అసలుదైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుపాలయ్యే నేరం. నకిలీదైతే ప్లాస్టిక్, లేకపోతే ఎముక ముక్క, పసిపిల్ల నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డం పడుతుంది.

ప్రశ్న: మా బర్రె రెండు రోజులుగా మేత తింటలేదు, చొల్లు కారుస్తోంది. పన్ను విరిగిందో, గొంతులో ఏమన్నా ఇరుక్కుందో చెయ్యి పెట్టి చూడమంటున్నారు.
– మహబూబాబాద్

జవాబు: చెయ్యి పెట్టకండి. పంటి బాధ ఉన్న పశువు మేతను నమిలి ఉండలుగా కింద రాలుస్తుంది, ఒక పక్కనే నములుతుంది. గాలికుంటు వ్యాధి అయితే నాలుక మీద, గిట్టల మధ్య పుండ్లు, జ్వరం కనిపిస్తాయి. చొల్లు తాళ్లుగా కారుతూ, నీళ్లు కూడా మింగలేక, గొంతు మారి బొంగురుగా అరుస్తుంటే అది పిచ్చికుక్క కరిచిన రేబిస్ కావచ్చు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే కనిపిస్తుంది, మోసపోయేది అక్కడే. వైరస్ ఆ చొల్లులోనే ఉంటుంది. పశువును విడిగా కట్టి పశువైద్యశాలకు కబురు చేయండి. ఇప్పటికే ఎవరైనా చెయ్యి పెట్టి ఉంటే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడుక్కుని, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. గీత పడలేదని ఊరుకోవద్దు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. సైకిల్ మీంచి పడి ముందు పన్ను వేరుతో సహా ఊడొచ్చింది. ఇంట్లోవాళ్లు పేడలో చుట్టి కప్పు మీదికి విసిరేశారు. కొత్త పన్ను ఎన్నాళ్లకు వస్తుంది?
– జమ్మికుంట

జవాబు: రాదు. మొసలికి, సొరచేపకు బతికినన్నాళ్లూ వరసగా కొత్త పళ్లు వస్తాయి. తొమ్మిదేళ్ల పిల్లాడికి ముందు పన్ను అదే ఆఖరిది. ఆ ఖాళీలోకి పక్క పళ్లు ఒరగకుండా దంతవైద్యులు తాత్కాలిక అమరిక పెడతారు. దవడ ఎదుగుదల ఆగాక శాశ్వత పన్ను కట్టించవచ్చు. ఆలస్యం చేయకుండా చూపించండి.

మిగతా పాఠకుల కోసం: శాశ్వత పన్ను ఊడితే వేరును ముట్టకుండా పైభాగం పట్టుకుని ఎత్తండి. మట్టి అంటితే చల్లటి నీటిలో పది సెకన్లు, అంతే. రుద్దొద్దు, సబ్బు వద్దు. పిల్లాడు సహకరిస్తే వెంటనే దాని గుంటలోనే సరైన వైపు తిప్పి పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికించి ఆస్పత్రికి తీసుకెళ్లండి. వీలుకాకపోతే గ్లాసులో చల్లటి పాలు పోసి అందులో వేయండి, ఏ పాలైనా సరే. నీళ్లలో వద్దు, రుమాలులో చుట్టి జేబులో పెట్టొద్దు, వేరు మీది కణాలు ఎండి చస్తాయి. అరగంటలో చేరితే అతికే అవకాశం బాగుంటుంది, గంట దాటితే బాగా తగ్గుతుంది. మట్టిలో పడితే ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ అడగండి.

ఊడింది పాలపన్ను అయితే మాత్రం మళ్లీ పెట్టకూడదు, కింద ఉన్న శాశ్వత పన్నుకు దెబ్బ. రక్తం ఆగిందో లేదో చూసుకుని, ఆ పన్నును కప్పు మీదికి నిశ్చింతగా విసురుకోవచ్చు.